పాత పెద్ద స్పీకరు బాక్సులు: ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? (నెల్లూరు)

మూలాపేట_వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కాలం నాటి బాక్సులు ఒక జత ఉన్నాయి. నేలమీద పెడితే నడుము దాకా వస్తాయి. ఒక్కోదాంట్లో 12 అంగుళాల వూఫరు (కింది స్వరాలకి), ఒక మిడ్డు (మధ్య స్వరాలకి), ఒక ట్వీటరు (పై స్వరాలకి). డబ్బాలు ఇక్కడి వడ్రంగి చేత చేయించారు. స్పీకర్లు మాత్రం మద్రాసు రిచ్చీ స్ట్రీట్‌లో కొని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారంట. ఆంప్లి (ఆంప్లిఫైయరు) కూడా అసెంబుల్డే, అంటే విడిభాగాలతో చేత్తో కట్టిందే, 3055 రకం ట్రాన్సిస్టర్లది, ఇప్పటికీ ఆన్ అవుతుంది.

పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చాం. మాగుంట లేఔట్ వైపు ఫ్లాటుకి మారుతున్నాం, రెండో అంతస్తు. హాలు పది అడుగులు బై పద్నాలుగు. ఇంట్లో వాళ్ళది ఒకటే మాట, "అవి ఆడికి రాకూడదు" అని. పాత సామాన్ల అతన్ని పిలిస్తే, అయస్కాంతాలకి కిలో లెక్కన ఇస్తాను, చెక్క మాత్రం నాకొద్దు, కావాలంటే ఊరికే ఎత్తుకుపోతానన్నాడు. పాత పేపర్లని కూడా ఇంతకన్నా మర్యాదగా కొంటారు.

మంచివాటిని అడిగేవాడే లేకుండా ఎట్టా పోయాడు అనేది నాకు అర్థం కావడంలేదు. మీరేమంటారు?

కావలి_కుర్రోడు

అన్నా, ఏమీ అనుకోవద్దు, ఇచ్చేయ్. ఒక సౌండ్‌బార్ తెచ్చుకో, టీవీ కింద కూర్చుంటుంది, ఒక్క వైరు. ఫోన్లోంచి పాట పెట్టుకోవచ్చు. ఆ బాక్సులకి బ్లూటూత్ ఉందా ఏంది?

పాత_రేడియో (ఒంగోలు)

తమ్ముడూ, బ్లూటూత్ లేకపోతే పెట్టుకోవచ్చు. నాలుగొందలకో అయిదొందలకో రిసీవరు ముక్క దొరుకుతుంది, ఆంప్లి వెనకాల గుచ్చితే అయిపోయె. 12 అంగుళాల వూఫరుని మాత్రం సౌండ్‌బార్‌లోకి ఎవడూ గుచ్చలేడు.

మూలాపేట అన్నా, నా జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ రిపేరు బల్ల ముందు కూర్చున్నోణ్ణి. ఏ కాలానికి ఏం ఆడిందో ఈ బల్లే చెప్తుంది. మొదట్లో వాల్వు రేడియోలు, మద్రాసు బర్మా బజారు నుంచి తెచ్చిన జపాను టేప్ రికార్డర్లు. ఆ తర్వాత మా చేతుల్తో మేం కట్టిన అసెంబుల్డ్ సెట్లు. ఊళ్ళో పెళ్ళీడు కుర్రాడున్న ప్రతి ఇంట్లో రెండు పెద్ద బాక్సులు, ముందు వైపు జాలీ గుడ్డ, పైన ప్లాస్టిక్ పూలకుండీ.

తర్వాత 90ల్లో వచ్చాయి కంపెనీ సెట్లు. డబ్బా మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని వెండి అక్షరాలు, అంటే ఒక్క క్షణం పాటు వస్తుందని కంపెనీ చెప్పుకునే అంకె. లోపల విప్పితే ఏముందనుకున్నారు? చాలావాటిల్లో నా అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మరు. అసలైన వాట్లు ముప్పై వస్తే గొప్ప. మేం వాడే ఎల్ఏ 4440 అనే ఆంప్లి చిప్పు (ఐసీ) ఛానెల్‌కి ఇచ్చేది 6 వాట్లు, దాంతోనే పెళ్ళిపందిళ్ళు నడిపినోళ్ళున్నారు. పీఎంపీఓ అంకె చూసి జనం చెక్క బాక్సులు అటకెక్కించారు. పెద్దవాటి మీద మోజు అక్కడ్నుంచే తగ్గింది అంటాను నేను. చెవులకు కాదు, కళ్ళకు అమ్మడం మొదలైంది అప్పుడే.

ఆ తర్వాత 5.1 హోమ్ థియేటర్లు. అయిదు అగ్గిపెట్టెలు, మూలన ఒక సబ్‌వూఫరు. ఇప్పుడు బల్ల మీదికి వచ్చేదంతా చార్జింగ్ పిన్ను ఊడినవీ, బ్యాటరీ ఉబ్బినవీ.

కందుకూరు_మాస్టారు

పాత_రేడియో గారి బల్ల చరిత్ర బాగుంది గానీ, చిన్న డబ్బాల కథ 90ల్లో మొదలవలేదండీ. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి కాస్త వెనక్కి తీసుకుపోతాను, విసుక్కోవద్దు.

1946లో అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఆయన గది మూలలో ఇమిడే హారన్ (బాకాలాంటి) స్పీకరు తయారుచేశాడు, పేరు క్లిప్ష్‌హార్న్. బీరువా అంత ఉంటుంది. గది గోడలే దాని హారన్‌లో భాగం. అప్పట్లో ఆంప్లిఫైయర్లు కొద్ది వాట్లే ఇచ్చేవి, అందుకని ఆ కొద్ది వాట్లని గట్టి శబ్దంగా మార్చే పెద్ద పెట్టె అవసరం పడింది. తర్వాత 1954లో ఎడ్గర్ విల్చర్ అక్కూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి ఏఆర్-1 తెచ్చాడు. గాలి బయటికి పోకుండా డబ్బాని బిగించేసి, వూఫరుని వెనక్కి లాగే పని లోపలి గాలికే అప్పగించాడు. దాంతో పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి కింది స్వరం పలికింది. మరి దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, ఆంప్లిఫైయరు ఎక్కువ వాట్లు తాగుతుంది.

ఈ లెక్కకి హాఫ్‌మన్ పేరు మీద ఒక సూత్రం ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లతో గట్టి శబ్దం: ఈ మూడింట్లో ఏ రెండైనా కోరుకోండి, మూడోది వదులుకోవాలి. దీన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు. మారిందల్లా ఒకటే, వాట్లు చవకయ్యాయి. మొదట ట్రాన్సిస్టర్లు, ఇప్పుడు క్లాస్-డి ఆంప్లిఫైయర్లు. ఇవి తీసుకున్న కరెంటులో తొంభై శాతం దాకా స్పీకరుకే పంపుతాయి, వేడెక్కవు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు. మీ 12 అంగుళాల పెట్టె ఒక వాటుకి 92 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఇస్తుందనుకోండి, చిన్నది 84 ఇస్తుందనుకోండి. ఆ 8 డెసిబెల్స్ పూడ్చడానికి ఆరు రెట్లకు పైగా వాట్లు కావాలి. ఒకప్పుడు ఆరు రెట్లంటే ఆస్తి అమ్ముకోవాలి. ఇప్పుడు గోరంత చిప్పులో వస్తాయి.

ఇంకొకటి. 1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. అంతకుముందు ఒక్క పెద్ద స్పీకరుతో సరిపోయేది, ఇప్పుడు రెండు కావాలి. ఒక బీరువాని సర్దగలిగిన ఇల్లాలు రెండు బీరువాల్ని ఎక్కడ సర్దుతుంది? చిన్నవాటి గిరాకీ అప్పుడే ఖాయమైంది.

దర్గామిట్ట_రమణి

మాస్టారు గారూ, మీరు కూడానా! "ఇంట్లో వాళ్ళు ఒప్పుకోలేదు", "ఇల్లాలు ఎక్కడ సర్దుతుంది". ఇక్కడ ప్రతి ఒక్కరూ నేరాన్ని మా మీదే వేస్తున్నారు.

నేను ఇళ్ళకి ఇంటీరియర్ పని చేయిస్తాను. నెల్లూరులో ఇప్పుడు కట్టే ఫ్లాట్ హాలుకి నాలుగు గోడలుంటాయని మీరనుకుంటారు. లెక్కేయండి. ఒక గోడ మొత్తం టీవీ యూనిట్టు. ఒక వైపు బాల్కనీ గాజు తలుపు. ఒక వైపు వంటగదిలోకీ డైనింగులోకీ తెరిచే ఉంటుంది, అసలు గోడే లేదు. మిగిలిందాంట్లో సోఫా, దాని పక్కనే పూజ అర. ఈశాన్యంలో బరువు పెట్టకూడదంటారు, నైరుతిలో పడగ్గది తలుపు వస్తుంది. రెండు పెద్ద బాక్సులకీ మధ్య ఆరడుగులు వదిలి, వినేవాడు ఎదురుగా కూర్చునే చోటు ఏ ప్లానులోనూ లేదు. బిల్డరు గీసిన గీతకి భార్యలు ముద్దాయిలు.

అసలు మాట ఇంకోటుంది. ఆ పాత బాక్సులు ఇంట్లో ఎవరివి? నాన్నవి. ఆదివారం ఆయన కుర్చీ ఎక్కడుంటే అక్కడికి సరిగ్గా తిప్పి పెట్టేవారు. మా అమ్మకి మాత్రం వంటింటి కిటికీలో చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, పప్పు తాలింపు నూనె మరకలతో. వివిధ భారతి ఆమె విన్నంత మా నాన్న ఏమీ వినలేదు. రోజంతా, పని చేసుకుంటూ, గదుల్లో తిప్పుకుంటూ. ఇప్పుడు బ్లూటూత్ డబ్బాని చేత్తో పట్టుకుని బాల్కనీకీ వంటింటికీ తీసుకుపోతున్నామంటే కొత్తగా పుట్టిన అలవాటేం కాదది. ఇళ్ళల్లో ఎక్కువ గంటలు పాట విన్నవాళ్ళు ఎప్పుడూ అట్లాగే విన్నారు. మీ సర్వేల్లో ఎక్కలేదంతే.

కావలి_కుర్రోడు

మేడం గారికి ఒక దండం 🙏

మూలాపేట_వాసి

రమణి గారూ, నిజమే, మా అమ్మకీ ఒక బుల్లి రేడియో ఉండేది. నాన్న సెట్టుని ముట్టుకోనిచ్చేవారు కాదు. మాకు కూడా పర్మిషన్ లేదు, ఒక్క దుమ్ము తుడవడానికి తప్ప.

బెంగళూరులో_కందుకూరోడు

నేను ఇంకో కోణం చెప్తా. జనానికి సౌండ్ మీద శ్రద్ధ పోయిందన్నమాట ఒప్పుకోను. ఆ డబ్బంతా చెవుల్లోకి పోయింది. మా ఆఫీసులో ఇయర్‌ఫోన్ల మీద పాతికవేలు పెట్టినోళ్ళున్నారు, ఇంట్లో ఒక్క స్పీకరు లేదు. 1979లో వాక్‌మన్ వచ్చినప్పుడు మొదలైంది ఇది, 2001లో ఐపాడ్, 2016లో ఎయిర్‌పాడ్స్. ఒక్కో మెట్టుకీ వినడం ఇంకాస్త ఒంటరి పని అయింది. నా రూమ్మేట్ ఏం వింటాడో నాకు తెలీదు, వాడికి నాది తెలీదు.

ఇంకో ఉదాహరణ. జేబీఎల్ అంటే 1946లో జేమ్స్ లాన్సింగ్ పెట్టిన కంపెనీ, సినిమా హాళ్ళ స్పీకర్లతో పేరు తెచ్చుకుంది. తర్వాత హర్మన్ కిందికి పోయింది, ఆ హర్మన్‌ని 2017లో శాంసంగ్ కొనేసింది. ఇప్పుడు ఏ కాలేజీ కుర్రాణ్ణైనా జేబీఎల్ అంటే ఏందిరా అని అడుగు. నీళ్ళబాటిల్‌కి తగిలించుకునే గొట్టంలాంటి బ్లూటూత్ స్పీకరు చూపిస్తాడు.

సింగరాయకొండ_సౌండ్స్

సార్లందరికీ నమస్తే. నేను డీజే సెట్లు తిప్పుతా. పెద్ద బాక్సులు ఎక్కడికీ పోలేదు సార్, ఇంట్లోంచి రోడ్డు మీదికొచ్చాయి. నా దగ్గర 18 అంగుళాల బేస్‌లు ఉండాయి, ట్రాక్టరు తొట్టిలో నింపితే గంట దిగేదాకా ఊరు ఊగుద్ది. పెళ్ళికి, పుష్పవతి ఫంక్షన్‌కి, వినాయకుడి నిమజ్జనానికి. ఇంట్లో చిన్న డబ్బా పెట్టుకున్నోడే ఫంక్షన్‌కి "ఎన్ని బేస్‌లు వేస్తావు?" అని ముందు అడుగుతాడు. గుండెల్లో కొట్టే సౌండ్ కావాలనే మనిషి కోరిక తగ్గలేదు. రోజూ అక్కర్లేదు, ఏడాదికి నాలుగుసార్లు అద్దెకి తెచ్చుకుంటే చాలనుకున్నారు.

కందుకూరు_మాస్టారు

బాబూ, నీ మాటలో విషయం ఉంది గానీ 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు కూడా గుర్తుంచుకో. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వద్దని ఉంది. మా వీధిలో నీలాంటి వాళ్ళు వచ్చినప్పుడు కిటికీ అద్దాలు లెక్కపెట్టుకుంటాను నేను.

సింగరాయకొండ_సౌండ్స్

పదింటికి ఆపేస్తాం సార్. ఆపనివ్వనిది పెళ్ళికొడుకు ఫ్రెండ్సు 😀

చీమకుర్తి_నల్లరాయి

అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. మూలాపేట అన్నా, ఫ్లాటులో పెడితే ఆ బాక్సులు పాత ఇంట్లో పలికినట్టు పలకవు, ముందే చెప్తున్నా. మీ పాత ఇల్లు మిద్దె ఇల్లే కదా? దూలాలు, ఎత్తు కప్పు, నవారు మంచాలు, చీరల దండెం, బియ్యం బస్తాలు. ఇవన్నీ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఫ్లాటులో కింద టైల్సు, చుట్టూ పుట్టీ వేసిన గోడలు, ఒక పక్క గాజు. చప్పట్లు కొట్టి చూడండి, టంగుమంటుంది. జనం "పెద్ద బాక్సులు గోల చేస్తున్నాయి" అంటారు. గోల చేసేది గది.

మందపాటి కర్టెన్ గాజు తలుపుకి, ఒక జంపఖానా నేలకి. బాక్సుల కింద గ్రానైటు పలక ముక్క ఒక్కోటి, దాని కింద రబ్బరు. మా దగ్గర పాలిష్ యూనిట్ల వెనకాల అంచులు విరిగిన బ్లాక్ గెలాక్సీ (నల్ల గ్రానైటు) ముక్కలు గుట్టలుగా పడుంటాయి, ఆటో చార్జీలకే వచ్చేస్తాయి. రబ్బరు మాత్రం మర్చిపోవద్దు. రాయి ఒక్కటే పెడితే అదురు స్లాబులోకి దిగి కింది ఇంటివాళ్ళ ఫ్యాను కడ్డీ దాకా పోతుంది.

కందుకూరు_మాస్టారు

నల్లరాయి గారు చెప్పినదానికి లెక్క జతచేస్తాను. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు. 40 హెర్ట్జ్ (సెకనుకి 40 కంపనాలు) స్వరం తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే 28 అడుగులు. అందులో సగం 14. మూలాపేట గారి హాలు పొడవు సరిగ్గా 14 అడుగులు! 40 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. పది అడుగుల వైపు 56 దగ్గర. కొన్ని బేస్ స్వరాలు మాత్రం ఉబ్బి, మిగతావి చప్పబడతాయి. బాక్సుల్ని మూలల్లోకి నెట్టకుండా గోడకి రెండడుగులు ఎడంగా పెడితే కొంత మేలు.

ఇంకో చిక్కు వాల్యూము. చిన్న శబ్దంలో మన చెవి కింది స్వరాల్ని సరిగ్గా పట్టదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. పాత ఆంప్లిల మీద "లౌడ్‌నెస్" అని ఒక బటన్ ఉండేది ఇందుకే. ఫ్లాటులో పక్కింటికి భయపడి తగ్గించి వింటే మీ 12 అంగుళాల వూఫరుకి పని ఉండదు. ఇప్పటి చిన్న స్పీకర్లలో చిప్పు ఈ పని దొంగచాటుగా చేస్తుంది: వాల్యూము తగ్గితే బేస్ పెంచుతుంది, పెంచితే బేస్ కోస్తుంది. అందుకే పిడికెడు డబ్బా అంత నిండుగా వినిపిస్తుంది. ఇది తెలివైన పనే, నేను తీసిపారేయను.

బెంగళూరులో_కందుకూరోడు

కానీ మాస్టారూ, ఆ పిడికెడు డబ్బా మోనో. ఎడమా లేదు, కుడీ లేదు. స్టీరియో కోసం రెండు బాక్సులు తెచ్చుకున్న ఇళ్ళే ఇప్పుడు మళ్ళీ ఒక్కదానికి వచ్చాయి, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నాకు ఆశ్చర్యం అక్కడే. ఇళయరాజా గారి పాటల్లో ఒక పక్క గిటారు, ఇంకో పక్క వయొలిన్లు విడివిడిగా నడుస్తుంటాయి. ఒక్క డబ్బాలో అన్నీ ఒకే కుప్ప.

దర్గామిట్ట_రమణి

ఫిర్యాదు ఎందుకు చేయలేదంటే, స్టీరియోకి వినేవాడు మధ్యలో కదలకుండా కూర్చోవాలి బాబూ. కూర్చునే టైము ఎవరికుంది? ఆ కుర్చీ ఇంట్లో ఒక్కరికే.

పాత_రేడియో (ఒంగోలు)

రమణి గారితో వాదన పెట్టుకోను, నేను ఓడిపోతాను. కానీ ఒకమాట. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో కూడా పనికొచ్చింది బ్యాటరీ డబ్బానే. మన కోస్తాలో దానికి ఆ గెలుపు ఇవ్వాల్సిందే.

అన్నా, అవన్నీ తర్వాత. ముందు జాలీ గుడ్డ తీసి వూఫరు అంచు చూశావా? కోన్, అంటే ముందుకీ వెనక్కీ అదిరే కాగితం గరాటు, దాని చుట్టూ ఉండే మెత్తటి రింగు. ఫోమ్‌దైతే ఈ సముద్రపు గాలికి పదిహేను ఇరవై ఏళ్ళు బతికితే ఎక్కువ. రబ్బరుదో గుడ్డదో అయితే అదృష్టం.

మూలాపేట_వాసి

ఇప్పుడే తీశాను. ఫోమే. వేలు ఆనించగానే నల్లటి జిగురు పొడిలా రాలింది, రెండు చోట్ల కోన్ పూర్తిగా ఊడి వేలాడుతోంది. కోన్ కాగితం మాత్రం గట్టిగానే ఉంది. ఊళ్ళో ఒక షాపుకి ఫోటో పంపితే "మొత్తం మార్చాలి, 12 అంగుళాలవి ఇప్పుడు రావు" అన్నారు.

పాత_రేడియో (ఒంగోలు)

రావా! డీజే వాళ్ళని అడుగు వస్తాయో రావో. సరే, నీకు వూఫరు మార్చే పనిలేదు, రింగు మారిస్తే చాలు. రిచ్చీ స్ట్రీట్‌లో వస్తాయి, ఆన్‌లైన్లోనూ దొరుకుతాయి.

ముందు పరీక్ష. కోన్‌ని రెండు అరచేతుల్తో సమంగా, మెల్లగా లోపలికి నొక్కు. బరబరమని రాకుండా జారిందంటే కాయిల్ (కోన్ వెనకాల ఉండే తీగచుట్ట) బాగున్నట్టు. తర్వాత 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు తీసుకుని, ఎర్ర చుక్క ఉన్న టెర్మినల్‌కి ప్లస్ ఆనించు. కోన్ బయటికి గెంతాలి. రెండు బాక్సుల్లోనూ ఒకే వైపు గెంతాలి. లేదంటే వైరు తిరగేసి ఉన్నట్టు, బేస్ సగం చచ్చిపోతుంది.

పాత జిగురు, ఫోమ్ ముక్కలు థిన్నరు గుడ్డతో ఓపిగ్గా గీకాలి. తొందరపడితే కోన్ కాగితం చిరుగుతుంది. మధ్యలో ఉన్న టోపీని బ్లేడుతో జాగ్రత్తగా లేపి, కాయిల్‌కీ మధ్య ఇనుముకీ నడుమ సందులో పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నటి పట్టీలుగా కోసి చుట్టూ దోపాలి. కాయిల్ నడిమధ్యన నిలబడుతుంది. అప్పుడు కొత్త రింగు అతికించి ఒక రాత్రి కదపకుండా వదిలేయి. పొద్దున పట్టీలు లాగేసి టోపీ అతికించు. ఆంప్లిలో పెద్ద కెపాసిటర్లు కూడా ఒకసారి చూపించు, ఎండిపోయి ఉంటాయి, హమ్ (గుయ్యిమనే మోత) వస్తుంది.

కావలి_కుర్రోడు

ఎక్స్‌రే ఫిల్మా! పాతవి పొగతోట ఆస్పత్రుల్లో అడగాలి అయితే. మూలాపేట అన్నా, రిపేరు చేసేరోజు నన్ను పిలువు, చూడాలనుంది.

దర్గామిట్ట_రమణి

రిపేరయ్యాక హాల్లో వద్దు. ఆ ఫ్లాటులో పిల్లల చదువు గది ఎంత ఉంటుంది? దాంట్లో పుస్తకాల అల్మరా ఉంటే శబ్దానికి కూడా మంచిది కదా మాస్టారూ? టీవీ గోడతో గొడవ ఉండదు. ఇంకోటి, రిమోటో బ్లూటూత్ ముక్కో ఏదో ఒకటి పెట్టి, ఇంట్లో అందరూ ముట్టుకోవచ్చని చెప్పండి. అప్పుడు చూడండి ఒప్పుకుంటారో లేదో.

కందుకూరు_మాస్టారు

అల్మరా మంచిదే. తలుపుల్లేనిదైతే ఇంకా మంచిది.

మూలాపేట_వాసి

పిల్లల గది పది బై పదకొండు. మా పెద్దాడికి చెప్తే "గేమ్స్‌కి కనెక్ట్ అవుతుందా?" అన్నాడు, అంతవరకు వచ్చింది. పాత సామాన్ల అతనికి రావద్దని ఫోన్ చేశాను. పాత_రేడియో గారూ, రింగు ఆర్డరు పెట్టడానికి కొలత ఎక్కడ తీసుకోవాలి? ఫ్రేము మీద 12 అని ఉంది, ఆన్‌లైన్లో 12 అంగుళాలవే నాలుగు రకాలు చూపిస్తున్నాయి.

పాత_రేడియో (ఒంగోలు)

ఫ్రేము కొలత చూసి కొనొద్దు. ఫోమ్ మిగిలి ఉన్న చోట స్కేలు పెట్టి మూడు కొలతలు రాసుకో: కోన్ కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకి, ఫోమ్ ఉబ్బు లోపలి అంచు, బయటి అంచు. మిల్లీమీటర్లలో రాయి. ఫోమ్‌ని కోన్ పైన అతికించారా, కింద నుంచి అతికించారా అన్నది కూడా చూసి ఫోటో పెట్టు. రెండు బాక్సులూ విడిగా కొలువు, ఒక్కోసారి ఒకటి మధ్యలో ఎవరో మార్చి ఉంటారు.